సన్‌బోర్డు వెనకవైపు

ఇరవై రెండేళ్లుగా హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఎక్స్ అక్షం, వై అక్షం అని నల్లబల్ల మీద గీతలు గీసి, చుక్క ఎక్కడుందో చెప్పమని ఎంతమందిని నిలబెట్టానో నాకే గుర్తులేదు. ఆ చుక్క నిజంగా కదలడం మాత్రం మొదటిసారి ఒక ఫోన్ వీడియోలో చూశాను. చిన్న మోటారు, దాని మూతికి సన్నటి కోతముల్లు. కంప్యూటర్ చెప్పిన చోటికల్లా అది అటూ ఇటూ, పైకీ కిందికీ జరుగుతూ చెక్క మీద పువ్వు తొలుస్తోంది. దాన్ని సీఎన్‌సీ రూటర్ అంటారట. బల్ల మీద పెట్టుకునే చిన్న రకం కూడా దొరుకుతుందని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. ఒక వేసవి సెలవుల్లో నంద్యాలలోని మా ఇంటికి తెప్పించుకున్నాను.

మా ఆయన విత్తనాల గోడౌన్లో పని చేస్తాడు. పెట్టె విప్పి చూసి, "పిండిమిల్లు తెచ్చి ఇంట్లో పెట్టినావ్ కదమ్మే" అన్నాడు. శబ్దం విషయంలో ఆయన పెద్దగా తప్పేమీ అనలేదు.

మిషన్ బిగించడం రెండు రోజుల పని. దేని మీద నేర్చుకోవాలన్నదే అసలు చిక్కు. కొత్త ప్లైవుడ్ కొని పాడుచేయడానికి మనసొప్పలేదు. పెరట్లో ఉన్న వేపచెక్క పెడితే ముల్లు పుటుక్కున విరిగింది. థర్మాకోల్ పెడితే కోసుకుపోవడానికి బదులు కరిగి, తెల్లటి పూసలు ఇల్లంతా ఎగిరి, మూడు రోజులు అన్నంలో కూడా వచ్చాయి. బట్టల సబ్బు బాగానే తెగింది కానీ ఎంతని పెడతాం, నాలుగు అక్షరాలు చెక్కేసరికి బిళ్ల అయిపోయేది. ట్రాక్టర్ల షోరూము వెనక పడేసిన పెట్టెచెక్కలు అడిగి తెచ్చుకున్నాను. అందులో కనపడకుండా ఒక మేకు ఉంది. నిప్పురవ్వ లేచి, విరిగిన ముల్లు నా చెవి పక్క నుంచి పోయి గోడకు తగిలింది. ఆ తర్వాత అయస్కాంతంతో తడిమి చూడకుండా ఏ చెక్కా పెట్టలేదు.

అప్పుడు మా వీధి మొదట్లో ఉన్న ఫ్లెక్సీ షాపు గుర్తొచ్చింది. దాన్ని నడిపేది నాకంటే చిన్నదైన ఒకామె. పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ సన్‌బోర్డు మీద ఫోటోలు అతికించి ఇస్తుంది. సన్‌బోర్డంటే అట్టకంటే గట్టిగా, చెక్కకంటే మెత్తగా ఉండే తెల్లటి ప్లాస్టిక్ పలక. పాడైన బోర్డులేమైనా ఉన్నాయా అని అడిగితే, "ఉండకేమక్కా, వెనకాల గుట్ట పడుండాయి. తీసకపో, నాకు చోటన్నా అవుతుంది" అంది. ఒక కట్ట కట్టి ఇచ్చింది. అన్నీ ఒకదానికొకటి ముఖాలు ఆనించి ఉన్నాయి. బొమ్మలున్న వైపుతో నాకు పనిలేదు, వెనకవైపు తెల్లగా ఉంటే చాలు.

నా మిషన్ బల్ల ఒక పెద్ద నోటుపుస్తకమంత ఉంటుంది. అందుకని బోర్డులను నేల మీద బోర్లా పరిచి, కత్తితో ముక్కలు కోసి వరసగా పెట్టుకున్నాను. నాలుగు రోజులు ఆనందంగా గడిచాయి. సన్‌బోర్డు ఎంత చెబితే అంత తెగేది. గీతలు, చతురస్రాలు అయ్యాక వలయం మొదలుపెట్టాను. వలయం కష్టం. ముల్లు రెండు అక్షాల మీదా ఒకేసారి కదలాలి, రవ్వంత తప్పినా కోడిగుడ్డు అవుతుంది.

ఐదో రోజు పొద్దున లోతు ఎక్కువ పెట్టినట్టున్నాను. ముల్లు బోర్డును అవతలికంటా కోసేసింది. రూపాయి బిళ్లకంటే కొంచెం పెద్ద చక్రం ఊడి నా ఒళ్లో పడింది. గుండ్రంగా వచ్చిందా లేదా అని తీసి తిప్పాను.

చక్రంలోంచి ఒక కన్ను నన్ను చూస్తోంది.

కంటికి సగం కళ్లజోడు ఉంది. గోధుమరంగు ఫ్రేము, మూలన తెల్లటి చుక్క. ఆ ఫ్రేము నాది. కుక్కర్ మూత పడి రంగు లేచిపోయిన ఆ చుక్క కూడా నాదే. ఇప్పుడది విరిగి పారేశాను కానీ నాలుగైదేళ్ల కింద రోజూ పెట్టుకునేదాన్ని.

మిషన్ ఆపాను. ఆపానని అనుకున్నాను, మోటారు తిరుగుతూనే ఉంది, మా ఆయన వచ్చి ఆపాడు. నేను నేల మీద కూర్చుని, మిగిలిన ముక్కలన్నిటినీ తిరగేసి పక్కపక్కన పేరుస్తున్నాను. ఆరు ముక్కలు. స్కూలు గుర్తింపు కార్డులోని నా ఫోటో. చుట్టూ పసుపురంగు పూలదండ. పైన "కన్నీటి నివాళి". కింద నా పేరు, గణిత ఉపాధ్యాయురాలు అని. నా ఎడమ కన్ను ఉండాల్సిన చోట రంధ్రం, అందులోంచి మా ఇంటి గచ్చు కనిపిస్తోంది.

మా ఆయన ముఖం చూశాను. ఆయన ఆశ్చర్యపోలేదు. అది నన్ను ఇంకా భయపెట్టింది.

"నీకు తెలుసా ఇది?"

ఆయన గోడకానుకుని కూర్చున్నాడు. "బోర్డు సంగతి తెలీదు. ఆ మాట మాత్రం తెలుసు" అన్నాడు.

కరోనా రెండో విడతలో నేను కర్నూలులో ఆక్సిజన్ మీద పడి ఉన్నాను. ఆ రోజుల్లో ఒక పొద్దు టీచర్ల వాట్సాప్ గ్రూపులో నేను చనిపోయానని వచ్చిందట. ఎవరో నా ఫోటో కూడా పెట్టారట. ఆయన ఫోన్ ఆ రోజంతా మోగుతూనే ఉందట.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆక్సిజన్ పెట్టుకున్నోళ్లకు ఏమని చెప్పల్ల? నువ్వు సచ్చిపోయినావంట అని చెప్పల్లనా?"

"ఇంటికొచ్చినాక?"

"ఇంటికొచ్చినావు కదా. ఇంకేం చెప్పల్ల" అని లేచి మొహం కడుక్కోవడానికి పోయాడు. నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది.

నేను ముక్కల ముందు నుంచి లేవలేదు. పేరు కింద చిన్న అక్షరాల్లో చాలా రాసి ఉంది. ఇలాంటి బోర్డుల మీద ఉండే మాటలు కావవి. అక్షరం పొల్లుపోకుండా నాకిప్పటికీ గుర్తుంది. "ఈమె ఎవరి మాటా వినేది కాదు. లెక్క తప్పితే ఎంతటివారినైనా నిలదీసేది. సాయంత్రం బడి వదిలాక ఆరో తరగతి గదిలో ఒంటరిగా నిలబడి మరుసటి రోజు పాఠం ఖాళీ బెంచీలకు చెప్పుకునేది. పాఠానికి ఇంత భయపడిన టీచరును నేను మళ్లీ చూడను."

ఆ సంగతి ఎవరికీ తెలియదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. లెక్కల టీచరునై ఉండి, అన్నేళ్ల అనుభవం ఉండి, ప్రతి కొత్త పాఠానికీ ఖాళీ గదిలో సాధన చేసుకుంటానని ఎవరికి చెప్పుకుంటాను?

ముక్కల్ని టేపుతో అతికించి షాపుకు పోయాను. ఆమె బోర్డు చూసి, నన్ను చూసి, కౌంటర్ పట్టుకుంది.

"అయ్యో అక్కా! ఇది నేనే చేసినా. నీ మొగం నాకు తట్టల్యా. అప్పుడు దినాం పది పదైదు ఇట్లాంటివే చేస్తాంటిమి. మొగాలు చూడొద్దని నాకు నేనే చెప్పుకుంటి."

"చేయించిందెవరు?"

"పెద్దామె ఒకామె. మద్యానం పన్నెండుకంతా షట్టర్ దించాల, పోలీసోళ్లు వస్తారంటే వింటే కదా. ఈ స్టూలు మీద కూసుని, కాయితం మీద రాసిచ్చి, అచ్చేసినాక ఎర్రపెన్నుతో దిద్ది, మూడుసార్లు మళ్లీ కొట్టించింది. ఇంత పొడుగు మేటర్ పట్టదమ్మా అంటే, పట్టించు అన్నింది. సాయంత్రం మళ్లా ఫోన్ చేసి, వద్దు, చించేయ్ అన్నింది. సన్‌బోర్డు యాడ చినుగుతుందక్కా? వెనకాల పెట్టినా."

ఎర్రపెన్ను అనగానే నాకు అర్థమైంది. నమ్మబుద్ధి కాలేదు.

శిరివెళ్ల దగ్గర ఒక హైస్కూల్లో నేను ఏడేళ్లు పనిచేశాను. అప్పటి మా హెడ్మిస్ట్రెస్‌కీ నాకూ ఒక్కరోజు పడలేదు. బస్సు ఆలస్యమై ఐదు నిమిషాలు లేటైతే మెమో. నా పాఠ్యప్రణాళిక పుస్తకం ప్రతి పేజీలో ఎర్రగీతలు. ఏడేళ్లలో ఒక్కసారి కూడా బాగుంది అనలేదు. ఆమె రిటైరయ్యే రోజు పిల్లలు ఏడుస్తుంటే నేను లోపల ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత ఆమె ఆళ్లగడ్డలో ఉంటోందని విన్నానే తప్ప ఎప్పుడూ పోలేదు.

ఆదివారం చర్చి అయ్యాక బోర్డును దుప్పట్లో చుట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఆమె ఇల్లు శిల్పాలు చెక్కే వీధి వెనకాల. ఉలి దెబ్బలు ఒకదాని వెంట ఒకటి వినిపిస్తూనే ఉన్నాయి. ఆమె వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. చిక్కిపోయింది. గొంతు మాత్రం అదే.

"ఏందీ, పరుపు మోసుకోని వచ్చినావ్?"

దుప్పటి విప్పి బోర్డు గోడకానించాను. ఆమె చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, చివరిదాకా చదివింది. కంటి దగ్గరున్న రంధ్రాన్ని వేలితో తడిమింది. తర్వాత రెండో వరుస మీద వేలుపెట్టి, "ఈడ కామా పడల్యా. మూడుసార్లు చెప్పినా ఆ పిల్లకు" అంది.

నాకు నవ్వు రాలేదు. మెట్టు మీద కూర్చున్నాను.

"మేడమ్, మీరు... నా గురించి ఇట్లా..."

"సచ్చిపోయినావనుకున్యా కాబట్టి రాసినా. బతికుంటే రాస్తానా?"

"ఖాళీ బెంచీల సంగతి మీకెట్ల తెలుసు?"

"కిటికీ అవతల నిలబడి వింటాంటి. శానా సార్లు."

"ఒక్కసారన్నా చెప్పకపోతిరే!"

"చెప్తే సిగ్గుపడి మానేస్తాంటివి. మానేస్తే పిల్లోళ్లకు నష్టం."

ఏడేళ్లు. ఆ ఏడేళ్లలో ఎన్ని సాయంత్రాలు ఆమెను తిట్టుకుంటూ బస్సెక్కానో. ఆ సాయంత్రాల్లోనే ఆమె కిటికీ పక్కన నిలబడి నా పాఠం వింటూ ఉంది. ఇది ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ఏడవాలో కోప్పడాలో కూడా తెలియలేదు.

ఆమె లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేను తాగేదాకా ఆగి అడిగింది.

"సరే. ఆ పొద్దు సచ్చిపోయింది ఎవరని అడిగినావా ఎప్పుడన్నా?"

అడగలేదు. వారం రోజులుగా నా ఫోటో, నా పేరు, నా కన్ను అనుకుంటూనే ఉన్నాను. ఎవరో ఒకరు పోకుండా ఆ వార్త రాదు కదా అని ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

"నేను అడిగినా" అంది ఆమె. "ఆ సాయంత్రమే తెలుసుకున్యా. రుద్రవరం అవతల కొండ కింద చెంచుగూడెంలో ఒక పిల్ల, చిన్నపిల్లోళ్లకు అక్షరాలు నేర్పిస్తాండె. పేరు నీ పేరే. టీచర్ అని, పేరు రాసి, పోయింది అని పెట్టినారు గ్రూపులో. ఎవడో నీ ఫోటో తగిలించె. నువ్వు కాదని తెలిసినాక నేనేం చేసినానో తెలుసునా?"

ఆమె చింతపండు పళ్లెం పక్కకు జరిపింది.

"పాయసం చేసినా. మా ఇంట్లో అందరికీ పెట్టినా. ఆడ ఆ పిల్లను పూడ్చి ఒక పొద్దన్నా కాలేదు. ఆమె గురించి నాలుగు మాటలు రాసినోళ్లు ల్యా. ఆ గ్రూపులో కూడా నువ్వు బతికినావని చేతులు జోడించే బొమ్మలు పెట్టినారే గానీ, ఆమె పోయిందని ఒక్కరూ పెట్టల్యా. నేనూ పెట్టల్యా."

ఆమె మాట్లాడటం ఆపాక వీధిలో ఉలి దెబ్బలు మళ్లీ వినిపించాయి. నేను చచ్చిపోయానన్న మాటకంటే ఈ మాట నన్ను ఎక్కువ కుదిపింది. ఆ పాయసం నా కోసం చేసిందే.

"పోదాం పా. ఒక్కదానికి ధైర్యం చాల్లేదు ఇన్నేండ్లు" అంది.

ఆటో మాట్లాడుకుని రుద్రవరం మీదుగా పోయాం. దారిలో ఆమె, "ఏం చెప్పల్ల వాళ్లకు?" అని నన్ను అడిగింది. నన్ను ఆమె ఏదైనా అడగడం అదే మొదలు.

గూడెంలో పదిహేను ఇళ్లు కూడా ఉండవు. చనిపోయినామె భర్త అడవిలో నర్సరీ పనికి పోతాడట. ఆ రోజు ఇంటి ముందే వెదురు చీలుస్తున్నాడు. మంచం వాల్చాడు. ఎవరని అడిగాడు. నేను నా పేరు చెప్పాను.

కత్తి చేతిలోనే ఆగిపోయింది.

"ఆ పేరు ఈ ఇంట్ల పలకం మేడమ్ ఇప్పుడు" అన్నాడు మెల్లగా.

నోట్లోంచి వచ్చిన నా పేరు తిరిగి లోపలికి పోతే బాగుండుననిపించింది. అప్పుడు మా మేడమ్ మొత్తం చెప్పింది. వాట్సాప్, ఫోటో, బోర్డు, పాయసం. దేన్నీ తగ్గించలేదు. జీవితమంతా ఎదుటివాళ్ల తప్పులు దిద్దిన మనిషి, తన తప్పు చెప్పేటప్పుడు గొంతు ఒక్కచోట కూడా తడబడకుండా చెప్పింది. చివర్లో మాత్రం చేతులు జోడించి, వాటిని ఎప్పుడు దించాలో తెలియనట్టు అలాగే ఉంచింది.

అతను క్షమించాననీ అనలేదు, తప్పనీ అనలేదు. "ఆ పొద్దు నేనేం తిన్యానో నాకు యాదికి ల్యా" అన్నాడు. అంతే. మళ్లీ వెదురు చీల్చసాగాడు.

ఇంటి వెనక నుంచి ముసలామె వచ్చింది. చనిపోయినామె తల్లి. చెవులు సరిగా వినపడవు. అతను లేచి ఆమె చెవి దగ్గర నా పేరు చెప్పాడు. పలకం అన్న పేరే, గట్టిగా, రెండుసార్లు. ఆమె నా దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుని చూసి, "తిన్యావా?" అంది. మాకు కొర్రన్నం పెట్టింది. మా మేడమ్ మెతుకు వదలకుండా తిన్నది.

బయల్దేరేముందు నేను, నా దగ్గర ఒక మిషన్ ఉందనీ, ఆమె పేరు చెక్కి బోర్డు తెస్తాననీ అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"పేరొద్దు. అచ్చరాలు చెక్కుతారా? ఆమె బూడిద పోసి పిల్లోళ్ల వేలు పట్టుకోని దిద్దిస్తాండె. గాలొస్తే పోతాండె, వానొస్తే పోతాండె. చెక్క మీద ఉంటే బాగుండునని ఎప్పుడూ అంటాండె."

సరేనన్నాను. అనేశాను కానీ తిరిగి వస్తుంటే భయం పట్టుకుంది. వలయమే సరిగ్గా రాని చేతికి తెలుగు అక్షరాలా? సన్‌బోర్డు అంచులు పిల్లల వేళ్లకు గీరుకుంటాయి, అది పనికిరాదు. మెత్తటి చెక్క కావాలి, యాభై ఆరు పలకలు, పాడైపోయేవి వేరే. దారి చూపింది మా మేడమే. ఆళ్లగడ్డలో చెక్కిన విగ్రహాలను దూరపు ఊళ్లకు పంపడానికి మామిడిచెక్కతో పెట్టెలు కొడతారు. "కొసలు పొయ్యిలోకి పోతాండాయి. నువ్వు అడిగితే ఇయ్యరు, నేను అడుగుతా" అంది. మరుసటి వారానికి గోనెసంచి నిండా ముక్కలు బస్సులో వేసి పంపింది. మామిడిచెక్క నా ముల్లుకు సరిగ్గా లొంగింది. చిన్న మిషన్ ఉన్నవాళ్లెవరైనా అడిగితే ఇప్పుడు నేను చెప్పే మొదటి మాట అదే, పెట్టెలు కొట్టే చోట అడగండి అని.

పని మాత్రం సులువు కాలేదు. గుండ్రటివన్నీ ముందు మొరాయించాయి. "ఋ" మూడుసార్లు చీలిపోయింది. చేసినవాటి ఫోటోలు ఫోన్లో పంపితే, మేడమ్ వాటి మీద ఎర్రగీతలు గీసి వెనక్కి పంపేది. "ఢ" కింద వత్తు మరీ చిన్నదైందని రెండుసార్లు వెనక్కొచ్చింది. వర్షాలు మొదలయ్యే నాటికి మొత్తం అయ్యాయి. ఉప్పుకాగితంతో అంచులన్నీ మా ఆయన రుద్దాడు. ఒక్కో పలక మీదా కళ్లు మూసుకుని వేలు పెట్టి దిద్ది, ఎక్కడా గీరుకోవడం లేదని చూసి సంచిలో వేశాడు.

ఈసారి మా ఆయనతో కలిసి ముగ్గురం గూడెం పోయాం. అతను పలకలు ఒక్కొక్కటే తీసి, చాపమీద వరుస తప్పకుండా పరిచాడు. చదువు రాదన్నాడు కానీ ఒక్కటి కూడా తారుమారు కాలేదు. ముసలామె "అ" పలక తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. మేడమ్ ఆమె పక్కన కూర్చుంది.

వాన మబ్బు పట్టడంతో త్వరగా బయల్దేరాం. ఆటో దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి ముసలామె పిలుపు వినపడింది. చెవులు వినపడని మనిషి కదా, గూడెం మొత్తానికి వినపడేలా ఆ పేరు పెట్టి పిలిచింది. అతను తలెత్తి చూశాడు. ఏ ఇంట్లోంచో ఒకామె గబుక్కున బయటికి వచ్చింది. మా మేడమ్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆమె పిలిచింది నన్నో, తన కూతుర్నో నాకు తెలియదు. వెనక్కి తిరిగి, "ఆ... వస్తాండా" అన్నాను.